అడుగున ఉన్న జవాబు

నరసన్నపేట మిషన్ వీధిలోకి బుల్లమ్మ చేపల బుట్ట వచ్చిందంటే మొదట దిగేది డేవిడ్‌రాజు మేష్టారి గుమ్మం ముందే. వీధిలో అందరికీ తెలిసిన మర్యాద అది. ఆ ఇంట్లో ఎక్కువ కొంటారనా అంటే అదీ కాదు. మేష్టారి భార్య ఎలీసమ్మ బేరానికి కూర్చుంటే బుల్లమ్మంతటి మనిషికే విసుగొచ్చి, ఊరికే పట్టుకుపొమ్మనేది. అయినా తడి గోనె పక్కకి తీసి, ఆ రోజు వచ్చినవాటిలో మంచి చందువ చేపని పైకెత్తి చూపించేది మాత్రం ముందు ఆ ఇంటికే.

“మేస్టారుగోరు ఏరుకున్నాకే ఈదికి,” అనేది. ఎదురింటివాళ్ళు మూతి ముడుచుకున్నా పట్టించుకునేది కాదు.

ఆ మర్యాద ఒక్కరోజులో వచ్చింది కాదు. బజారులో చర్చి పక్క గదిలో మేష్టారు ముప్పయ్యేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. పేటలో ఏ ఆఫీసుకి వెళ్ళినా, “రండి మేష్టారూ,” అంటూ ఒకరు కుర్చీలోంచి లేచేవారు. ఆ లేచినవాళ్ళ వేళ్ళ కణుపుల మీద ఒకప్పుడు మేష్టారి స్కేలు పడే ఉంటుంది. ఆయన పాఠం ఒక్కటే. కళ్ళు కాగితం మీద, వేళ్ళు మిషన్ మీద. కొత్తగా చేరిన పిల్లలు దొంగచూపులు చూస్తారని వాళ్ళ చేతుల మీద తువ్వాలు కప్పేవారు. తువ్వాలు కింద వేళ్ళు తడుముకుంటూ ఏడుపుమొహాలు పెట్టిన పిల్లలే, ఆరు నెలలు తిరిగేసరికి ఇటు కాగితం చదువుతూ అటు వాన కురిసినట్టు కొట్టేవారు. ఆయన మాత్రం రాసేటప్పుడు మిషన్ వైపు చూసిన పాపాన పోలేదు. చూడవలసిన అవసరమే లేదన్నది ఆయన గర్వం. ఆయనకి ఉన్న గర్వం అదొక్కటే అని కూడా అనుకునేవారు.

కంప్యూటర్లు వచ్చాయి. టైపు మిషన్లు తూకానికి పోయాయి. ఒక్కటి మాత్రం ఇంటికి తెచ్చుకుంటే ఎలీసమ్మ దాని మీద దుప్పటి కప్పి, పైన మందుల డబ్బా పెట్టింది. గదిని శివాజీ అనే కుర్రాడు అద్దెకి తీసుకుని నెట్ సెంటరు పెట్టాడు. శివాజీ తెలివైనవాడు. కంప్యూటరు నొక్కేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు గానీ, ఇంగ్లీషులో మర్యాదగా నాలుగు ముక్కలు రాసేవాళ్ళు దొరకరని గ్రహించి, గుమ్మం దగ్గరి కంప్యూటరు ముందు పొద్దుటిపూట మేష్టారినే కూర్చోబెట్టాడు. సొంత మెయిలు లేనివాళ్ళంతా ఆ షాపు మెయిలు నుంచే ఉత్తరాలు పంపించుకునేవారు. మధ్యాహ్నం నుంచి అదే కుర్చీలో షాలిని కూర్చునేది. షాలిని ఆయన చివరి బ్యాచి పిల్ల. అదే వీధిలో, నాలుగిళ్ళ అవతల తల్లితో ఉండేది. తువ్వాలు అక్కర్లేకుండానే నేర్చుకున్న పిల్ల అని మేష్టారు మెచ్చుకున్నది తనొక్కదాన్నే.

అలాంటి ఇద్దరికీ తగువు ఎక్కడొచ్చిందంటే, జవాబు పైన రాయాలా కింద రాయాలా అన్న దగ్గర.

మెయిలుకి జవాబు రాయబోతే, అవతలివాళ్ళు రాసిన ఉత్తరం మొత్తం మళ్ళీ తెర మీదకి వచ్చి కూర్చుంటుంది కదా. మన రాత మొదలుపెట్టాల్సిన చోట చిన్న గీత ఒకటి టకటక కొట్టుకుంటూ ఉంటుంది. ఆ గీత వాళ్ళ ఉత్తరానికి పైన నిలబడాలా, కింద నిలబడాలా అన్నది ఎవరికి వాళ్ళు పెట్టుకోవచ్చు. దానికి ఒక మూల సెట్టింగు ఉంటుంది. పొద్దున్నే మేష్టారు వచ్చి దాన్ని కిందకి పెట్టేవారు. మధ్యాహ్నం షాలిని వచ్చి పైకి పెట్టేది. మర్నాడు మళ్ళీ కిందకి.

“ముందు వాళ్ళు మాట్లాడారు. మనం విన్నాం. విన్న తరవాత మనం మాట్లాడుతున్నాం. ఇందులో నీకు తప్పేం కనపడిందమ్మా?” అన్నారు మేష్టారు ఒకరోజు, కుర్చీ ఖాళీ చేస్తూ.

“ఆలు రాసింది ఆలకి తెలీదేటండీ? మల్లీ మొదట్నించీ సదువుకోవాలా? తెరవగానే మనం రాసింది కనపడాల మేష్టారూ,” అంది షాలిని.

“కలెక్టరుగారు కుర్చీలో కూర్చుని అడిగితే, ఆయన నెత్తిమీదికెక్కి సమాధానం చెప్తావా నువ్వు?”

“అలాగని కలెక్టరుగోరి మంచం కింద దూరి సెప్తానేటండీ?”

షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. జిరాక్సు కోసం వచ్చిన జోగయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. శివాజీ అయితే పైకే నవ్వేశాడు. నవ్వినవాళ్ళలో ఇద్దరు ఒకప్పుడు ఆయన స్కేలు దెబ్బ తిన్నవాళ్ళే. మేష్టారి చెవులు వేడెక్కాయి.

“నీకు టైపు నేర్పగలిగాను గానీ మర్యాద నేర్పలేకపోయాను,” అన్నారు, అందరూ వినేలా.

షాలిని నవ్వు ఆగిపోయింది. కుర్చీ దులుపుకుని కూర్చుంది. తగువు పెరక్కుండా శివాజీ మధ్యకి వచ్చాడు. “పొద్దుట రాజ్యం మేష్టారిది, మద్దేనం రాజ్యం నీది. ఆరి ఉత్తరాలు నివ్వు ముట్టుకోకు, నీ ఉత్తరాలు ఆరు ముట్టుకోరు. సెట్టింగు ఎలగ మార్సుకుంటారో మార్సుకోండి,” అని తీర్పు చెప్పి టీ తెప్పించాడు.

ఇది జరిగింది రాష్ట్రం విడగొట్టొద్దని బందులు నడుస్తున్న రోజుల్లో. బస్సులు తిరగడం లేదు. ఎవరూ ఎక్కడికీ కదిలే వీలు లేక మెయిళ్ళకి గిరాకీ పెరిగింది.

అప్పుడే బుల్లమ్మ కూతురు అరుణశ్రీకి నర్సింగు బడి నుంచి షాపు మెయిలుకి ఉత్తరం వచ్చింది. బుల్లమ్మ మొగుడు నూకయ్య సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే మనిషి. వాళ్ళ పల్లెలో ఇంటరు దాటిన ఆడపిల్ల అరుణశ్రీ ఒక్కతే. ఎక్కడో చాలా దూరాన ఉన్న ఆ బడికి దరఖాస్తు రాసిపెట్టింది కూడా మేష్టారే. ఆ పొద్దున బుల్లమ్మ బుట్ట బయట అరుగు మీద దించి, చేతులు కొంగుకి తుడుచుకుని, వాసనొస్తుందని లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. అరుణశ్రీ లోపలికి వచ్చి మేష్టారి కుర్చీ వెనక నిలబడింది.

సీటు ఇచ్చాం, వస్తున్నట్టు శుక్రవారం లోగా రాతపూర్వకంగా తెలపండి, ఫోనులో చెప్తే చెల్లదు అన్నది అసలు సంగతి. మిగతాదంతా నిబంధనలు. తెల్ల బూట్లు, దోమతెర, కంచం, గ్లాసు, హాస్టలు వేళలు, చూడ్డానికి ఎవరెవరు రావచ్చు, ఎవరెవరు రాకూడదు. గజాల పొడుగున్న ఆ ఉత్తరాన్ని మేష్టారు ఒక్క ముక్క విడిచిపెట్టకుండా తెలుగులో చదివి వినిపించారు.

“దోమతెర సంగతి కూడా ఆలే సెప్పినారా? సూడే, ఎంత పద్దతో,” అంది బుల్లమ్మ.

“ఇప్పుడే రాసీయండి మేష్టారూ. శుక్కురోరం దాకా ఆగొద్దు,” అంది అరుణశ్రీ.

మేష్టారు ముందు కాగితం మీద చిత్తు రాసుకున్నారు. పూజ్యులైన మేడమ్ గారికి అని మొదలుపెట్టి, సీటు ఇచ్చినందుకు కృతజ్ఞతలు, అమ్మాయి తప్పక వస్తుంది, తల్లిదండ్రులు సమ్మతించారు, నిబంధనలన్నీ శిరసావహిస్తాం అని ముగించారు. కాగితాన్ని ఎడమ పక్కన నిలబెట్టి, దాని మీంచి చూపు తిప్పకుండా కొట్టుకుంటూ పోయారు. వేళ్ళు ఆగలేదు. వాళ్ళ ఉత్తరం మొత్తం పైన, ఆయన జవాబు వినయంగా దాని కింద. పంపించేశారు.

బుల్లమ్మ ఆయన వేళ్ళనే చూస్తూ నిలబడింది. “దేవుడిచ్చిన సెయ్యండి,” అంది. వెళ్ళేటప్పుడు రెండు చందువలు ఎలీసమ్మకి బేరం లేకుండా ఇచ్చిపోయింది.

మధ్యాహ్నం కుర్చీ మారే వేళకి షాలిని, పొద్దున వెళ్ళిన మెయిళ్ళు చూస్తూ ఆగింది.

“మేష్టారూ, కోప్పడరు కదా. అరుణది చాలా పొడుగు మెయిలు. మీ జవాబు ఎక్కడో అడుగున పడిపోనాది. ‘కింద సూడండి’ అని పైన ఒక్క ముక్క పెట్టి మల్లీ పంపీనా?”

“నర్సింగు బడి నడిపేవాళ్ళకి చివరిదాకా చదవడం రాదంటావా?”

“రాదని కాదండీ. సదవరని.”

“నా జవాబు మీద చెయ్యి వెయ్యకు,” అన్నారు మేష్టారు గొడుగు తీసుకుంటూ. షాలిని చెయ్యి వెనక్కి తీసుకుంది.

గురువారం పొద్దున ఆ బడి నుంచి రెండో ఉత్తరం వచ్చింది. రెండే రెండు ముక్కలు. మీ నుంచి మా ఉత్తరమే మాకు తిరిగి వచ్చింది, జవాబేమీ లేదు, రేపటిలోగా పంపండి.

మేష్టారికి ముందు కోపం వచ్చింది. ఇంత పద్ధతిగా రాస్తే చూసుకోకుండా జవాబు లేదంటారేమిటని. ఆ తరవాత వచ్చిందే అసలైన భయం. ఈ ఉత్తరాన్ని షాలిని చూస్తుంది. చూసి ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడాన్ని తను భరించలేడు. కలెక్టరుగారి మంచం గుర్తొచ్చింది. జోగయ్య కండువా గుర్తొచ్చింది. ఆయన గబగబా జవాబు కొట్టారు. మా సమ్మతి ముందే పంపించాం, దయచేసి పూర్తిగా చదువుకోగలరు అని. కొట్టింది మళ్ళీ కిందనే, ఆ రెండు ముక్కల వెనకాలే తగులుకుని వచ్చిన పాత ఉత్తరమంతటికీ అడుగున. ఆ పొద్దున ఒక్కసారి ఆ గీతని పైకి తెచ్చి ఉంటే సరిపోయేది. తేలేదు. తెస్తే ఓడిపోయినట్టని అనిపించింది. పైగా ఆ వచ్చిన ఉత్తరాన్ని షాలిని కళ్ళపడకుండా, ఎప్పుడూ ఎవరూ తెరవని పాత ఫోల్డరులోకి నెట్టేశారు. నెట్టేటప్పుడు మాత్రం తెర వైపు జాగ్రత్తగా చూశారు.

మంగళవారం బుల్లమ్మా అరుణశ్రీ కలిసి వచ్చారు. ఏ రోజుకి బయల్దేరాలో అడుగుదామని. మధ్యాహ్నం కావస్తోంది. షాలిని అప్పుడే వచ్చి తన టిఫిను డబ్బా బల్ల కింద పెడుతోంది. మేష్టారు మెయిలు తెరిచారు. బడి నుంచి మూడో ఉత్తరం వచ్చి ఉంది. గడువులోగా సమ్మతి అందలేదు కాబట్టి సీటు వేరొకరికి ఇచ్చేశామని.

ఆయన చదివి వినిపించలేదు. అరుణశ్రీ ఆయన భుజం మీంచి తనే చదువుకుంది.

“అందలేదంటన్నారేటి మేష్టారూ? మీరు నా ఎదురుగుండానే పంపినారు కదా.”

గుమ్మంలోంచి బుల్లమ్మ, “ఏటయిందే? ఏటి రాసినారాలు?” అంటూ మొదటిసారి షాపు లోపలికి వచ్చేసింది. “పెట్టి కొనీసినాం. దోమతెర కొనీసినాం. ఊరందరికీ సెప్పీసినాం. ఏటయింది మేస్టారుగోరూ?”

శివాజీ ఇటే చూస్తున్నాడు. జిరాక్సు దగ్గర ఎవరో ఇద్దరు ఆగి చూస్తున్నారు. తన నోట్లోంచి ఏ మాట ఊడిపడుతుందో మేష్టారికే తెలియదు. ఊడిపడింది.

“నేను సవ్యంగానే పంపాను. ఈ అమ్మాయి రోజూ సెట్టింగులు మార్చేస్తూ ఉంటుంది. దానివల్ల ఏదో అయ్యుంటుంది.”

బుల్లమ్మ షాలిని వైపు తిరిగింది. చేపల బజారులో పెరిగిన నోరు. ఆ నోటికి ఆ రోజు కట్ట తెగింది. “నీకేటన్నాయం సేసినామే? నీ ఇంటికి సేప ఎయ్యలేదనా? సదువుకున్నదానివి, నా గుంట సదువుకుంటే నీ కల్లు మండినాయేటి? ఆడదానివై ఆడపిల్ల నోటికాడ కూడు తన్నీసినావు,” అని మొదలుపెట్టి, బజారంతా వినేలా తిట్టింది. షాలిని మేష్టారి వైపు చూసింది. ఆయన చిత్తుకాగితాలు సర్దుకుంటున్నారు. ఎంతసేపు సర్దినా ఆ కాగితాలు కుదురుకోలేదు. షాలిని వంగి టిఫిను డబ్బా తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి షాపుకి రాలేదు.

బుల్లమ్మ మాత్రం మర్నాడు కూడా బుట్ట ముందు మేష్టారి గుమ్మంలోనే దించింది.

“మీరు మా కోసం కట్టపడ్డారు బాబూ. ఆ గుంట పాడు సేసినాది. మీరేటి సేస్తారు,” అని మంచి చేప ఏరి ఇచ్చింది. ఎలీసమ్మ దాన్ని చింతపండు పులుసు పెట్టింది. మేష్టారు కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయారు.

“ఏటయింది? ముల్లు గుచ్చుకుందేటి?” అంది ఎలీసమ్మ.

“ఆకలి లేదు.”

“నిన్నా లేదన్నారు. ఒంట్లో బాగోకపోతే సెప్పండి, మనసులో బాగోకపోతే అదైనా సెప్పండి,” అంది ఆవిడ. ఆయన చెయ్యి కడిగేసుకున్నారు.

అప్పటికింకా మేష్టారు ఒక పక్క తనకి తాను సర్ది చెప్పుకుంటూనే ఉన్నారు. నిజంగానే సెట్టింగు వల్ల ఏదైనా అయ్యుండొచ్చు కదా, కంప్యూటరు సంగతి ఎవరికి తెలుసు అని. ఆ మాత్రం ఆసరా కూడా ఆ వారంలోనే పోయింది. శివాజీ కొత్తగా టచ్ ఫోను కొన్నాడు. షాపు మెయిలు అందులోకి కూడా వచ్చేలా పెట్టుకుని, ఎవరికో చూపిస్తూ మురిసిపోతున్నాడు. మేష్టారు దగ్గరికి వెళ్ళారు.

“నేను అరుణశ్రీకి రాసిన జవాబు అందులో కనపడుతుందా?”

“ఎందుకు కనపడదండీ,” అని శివాజీ తెరిచాడు. అరచేతిలో పట్టేంత తెర. అందులో నర్సింగు బడి ఉత్తరం మొదలైంది. శివాజీ బొటనవేలితో పైకి నెట్టాడు. తెల్ల బూట్లు వచ్చాయి. ఇంకా నెట్టాడు. దోమతెర, కంచం. ఇంకా నెట్టాడు. హాస్టలు వేళలు. శివాజీ వేలు ఆగింది.

“ఇందులో మీరు రాసిందేటీ లేదండీ. ఆలది ఆలకే తిప్పి పంపీసినట్టున్నారు.”

“ఇంకా కిందికి.”

“ఇంకేటుంటాది మేష్టారూ, అంతా ఆలదే కదా.”

“ఇంకా కిందికి నెట్టు నాయనా.”

నెట్టాడు. చూడ్డానికి రాకూడనివాళ్ళ జాబితా దాటింది. బడి వాళ్ళ సంతకం, చిరునామా, ఫోను నంబర్లు దాటాయి. అన్నీ దాటాక, బావి అడుగున పడ్డ చెంబులాగ, పూజ్యులైన మేడమ్ గారికి అన్న ముక్క కనపడింది. ఒక్క తప్పు లేదు. కామాలు కామాల చోట, చుక్కలు చుక్కల చోట. ఆయన రాసిన ఉత్తరాల్లో అంత అందమైనది లేదేమో. శివాజీ ఆయన మొహం చూసి, ఫోను జేబులో పెట్టుకుని పంకా వేగం పెంచాడు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళ మేష్టారు ఎలీసమ్మకి అంతా చెప్పారు. రెండో ఉత్తరాన్ని దాచిన సంగతి కూడా చెప్పారు. షాలిని ముందే అడిగిందనీ, తనే చెయ్యి వెయ్యొద్దన్నాననీ చెప్పారు. ఎలీసమ్మ వింటూ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

“నాకు సెప్తే ఏటొస్తాది?” అంది చివరికి. “ఆ పిల్లని నాను తిట్టినానా? నలుగుర్లో తిట్టించినారు. ఇంట్లో నా సెవిలో సెప్తే సరిపోతాదేటి?”

“ప్రార్థన చేసుకుంటాను.”

“సేసుకోండి. దేవుడికి తెలీదనా? తెలీనిది బుల్లమ్మకి.”

ఆయనకి ఆ మాటతో తప్పించుకునే దారులన్నీ మూసుకుపోయాయి.

పొద్దున్న బుల్లమ్మ కేక వినపడేసరికి ఎలీసమ్మ కావాలనే ఆలస్యం చేసింది. వీధిలో ఆడవాళ్ళంతా బుట్ట చుట్టూ చేరేదాకా బయటికి రాలేదు. వాళ్ళందరూ చేరాక, మేష్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ మెట్టు దిగారు. ఎప్పుడూ చేపల బుట్ట దగ్గరికి రాని మనిషి వచ్చేసరికి అందరూ పక్కకి జరిగారు. బుల్లమ్మ కూర్చున్నది లేవబోయింది.

“కూర్చో బుల్లమ్మా. నిలబడి నేను చెప్పాలి. అరుణశ్రీ సీటు పోయింది నా వల్ల. షాలిని ఏమీ చెయ్యలేదు. జవాబు కనపడదు, పైన రాస్తానని ఆ పిల్ల ముందే అడిగింది. నేనే వద్దన్నాను. జవాబు రాలేదని వాళ్ళు మళ్ళీ రాశారు. ఆ ఉత్తరం ఆ పిల్ల కంట పడకుండా దాచాను. నలుగురిలో తప్పు దాని మీదకి తోశాను.”

బుల్లమ్మ చేతిలో కత్తి, చేప సగం పొలుసు తీసి ఉంది. ఆ చేప వైపే చూస్తోంది.

“ఎందుకు దాసినారు?” అంది.

“అది చెప్పిందే నిజమని తేలిపోతుందని.”

“అంతేనా?”

“అంతే.”

బుల్లమ్మ చేపని కడిగి బుట్టలో పెట్టింది. మేష్టారు ఎదురుచూస్తూ నిలబడ్డారు. షాలిని మీద పడినట్టు ఆ నోరు తన మీద పడితే బాగుండునని ఉంది ఆయనకి. పడడం లేదు.

“తిట్టు బుల్లమ్మా. ఆ పిల్లని తిట్టినట్టు నన్నూ తిట్టు.”

“మీలాటోలిని ఎలగ తిడతామండీ,” అంది బుల్లమ్మ. కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. ఆ చెప్పిన తీరుకే ఆయన తల వంగిపోయింది. ఇన్నేళ్ళూ తను కూడబెట్టుకున్న పెద్దరికం చివరికి ఎందుకు పనికొచ్చిందంటే, తినవలసిన తిట్లు తినకుండా తప్పించుకోవడానికి. బుల్లమ్మ గోనె కప్పి, బుట్ట నెత్తికెత్తుకుని, ఆ ఇంటికి చేప వెయ్యకుండానే ముందుకి నడిచింది. నాలుగిళ్ళ అవతల షాలిని వాళ్ళ గుమ్మం ముందు దించింది. అక్కడేమి మాట్లాడిందో దూరానికి వినపడలేదు. లోపల్నించి షాలిని తల్లి పళ్ళెం పట్టుకుని బయటికి రావడం మాత్రం కనపడింది.

ఆ మధ్యాహ్నమే మేష్టారు ఆ ఇంటికి వెళ్ళారు. షాలిని రుబ్బురోలు కడుగుతోంది. కుర్చీ వేసింది గానీ ఆయన కూర్చోలేదు.

“ఆ బడికి మళ్ళీ రాయాలమ్మా. తప్పు నాదని, అమ్మాయిని వచ్చే బ్యాచికైనా తీసుకోమని. నువ్వు రాసిపెట్టు. నా చేత్తో వద్దు.”

షాలిని చేతులు తుడుచుకుంది. “మీరే రాయండి. నాను పక్కన కూకుంటాను.”

ఇద్దరూ షాపుకి వెళ్ళారు. శివాజీ కుర్చీ జరిపాడు. సెట్టింగు షాలిని మార్చలేదు. ఎక్కడుంటుందో తెలిసిందే కాబట్టి మేష్టారే వెళ్ళి పైకి పెట్టారు. అలవాటు కొద్దీ జేబులోంచి చిత్తుకాగితం తీసి ఎడమ పక్కన నిలబెట్టారు. షాలిని ఆ కాగితాన్ని నెమ్మదిగా తీసి బోర్లించింది.

“ఇటు సూడండి మేష్టారూ,” అంది తెర వైపు చూపిస్తూ.

ఆయన తెర చూస్తూ కొట్టడం మొదలుపెట్టారు. చూస్తూ కొడుతుంటే వేళ్ళు తడబడ్డాయి. ఒక ముక్క రెండుసార్లు పడింది. కొట్టడం, చెరపడం, మళ్ళీ కొట్టడం. తువ్వాలు కింద చేతులు పెట్టిన పిల్లాడి పనిలాగ ఉంది. పైన, అన్నిటికన్నా ముందు కనపడేలా, తప్పు నాది అన్న మాట కుదురుగా పడేసరికి ఆయన చొక్కా వీపున తడిసింది. షాలిని చదివి, “సాలండీ,” అంది. పంపారు.

బడి వాళ్ళు ఈసారి మర్నాడే జవాబిచ్చారు. ఈ ఏటికి వీలు కాదు, వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టుకోండి, ఇంటర్వ్యూకి పిలుస్తాం అని. ఆ ఏడాదంతా అరుణశ్రీ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళింది. ఐసు నీళ్ళలో నానిన వేళ్ళతో ఒకసారి జిరాక్సు కోసం షాపుకి వచ్చి, “బాగున్నారా మేష్టారూ,” అని ఎప్పటిలాగే పలకరించింది. ఆయన ఆ వేళ్ళ వైపు చూడలేక, జిరాక్సు మిషన్ వైపు తిరిగి, బాగున్నానమ్మా అన్నారు.

మరుసటి ఏడు పిల్ల నర్సింగుకి వెళ్ళింది. పాత పెట్టె, పాత దోమతెరే పట్టుకెళ్ళింది. దరఖాస్తు మాత్రం షాలిని రాసిపెట్టింది.

బుల్లమ్మకి మేష్టారి మీద పగేమీ లేదు. కనపడితే “దణ్ణం బాబూ” అంటుంది. కానీ బుట్ట దారి మారిపోయింది. వీధిలోకి రాగానే మొదట షాలిని గుమ్మం, అక్కడి నుంచి అటు చివరి దాకా వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు మేష్టారి ఇల్లు. అప్పటికి చందువలన్నీ అయిపోతాయి. చివర మిగిలిన చిన్న చేపలు, నెత్తళ్ళో నలిగిన కవళ్ళో వస్తాయి. ఎలీసమ్మ గొణుగుతుంది. “కేకేసి పిలవనా ముందుగా?” అని మొదట్లో ఒకటి రెండుసార్లు అడిగింది కూడా.

“వద్దు. దాని దారిన దాన్ని రానీ,” అన్నారు మేష్టారు.

ఇప్పుడు నెత్తళ్ళ వేపుడే వేసుకుని అన్నం తింటారు. ముళ్ళున్నాయని ఎప్పుడూ అనరు.